పోయినోళ్ళ లెక్క, వచ్చినోళ్ళ లెక్క: ప్రణాళికా శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, అర్థ గణాంక శాఖ సంచాలకులు గారికి,

నమస్కారం.

హనుమకొండలో ఉంటూ ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. అసమానతలు, వలసలు, కూలి రేట్లు ఎట్లా తేలుతాయి అన్నవి నేను చదివే విషయాలు. వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న మన జిల్లాల నుంచి పని కోసం ఎంతమంది బయటికి పోయారు? బయటి రాష్ట్రాల నుంచి ఎంతమంది ఇక్కడికి పనికొచ్చారు? పోయినవాళ్ళు ఇంటికి ఎంత పంపుతున్నారు? వచ్చినవాళ్ళకు చేతికి ఎంత ముడుతోంది? ఈ నాలుగు ప్రశ్నలకు మన రాష్ట్రంలో నమ్మదగిన జవాబు లేదు. కేరళలో, కనీసం బయటి దేశాలకు పోయినవాళ్ళ విషయంలో, 1998 నుంచి ఉంది. మనకూ అలాంటి వలస సర్వే కావాలని, అది ఏటేటా జరగాలని, కాకతీయ, శాతవాహన, తెలంగాణ విశ్వవిద్యాలయాల ఆర్థికశాస్త్ర విభాగాలకు ఆ పని అప్పగించాలని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను. అందరూ చదివేలా ఎందుకంటే, ఈ లెక్క మీకు ఎంత అవసరమో, కొడుకును దుబాయ్ పంపాలా వద్దా అని జగిత్యాలలో కూచుని ఆలోచించే తల్లిదండ్రులకూ అంతే అవసరం.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఒక్క రోజులో, రాష్ట్రమంతా. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుంది, పింఛను పోతుంది అన్న మాట ఊరూరా పాకింది. ముంబయి, భివండీ, సూరత్ నుంచి జనం దొరికిన బస్సెక్కి, దొరికిన రైలెక్కి సొంతూళ్ళకు వచ్చారు. పేర్లు రాయించుకుని మళ్ళీ పోయారు. రాష్ట్రం ప్రతి ఒక్కరినీ లెక్కించిన ఆ రోజున, ఆ లెక్క కోసమే, వలస పోయినవాళ్ళంతా ఊళ్ళో ఉన్నవాళ్ళయ్యారు. ఆ సర్వేను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇంటికి ఇవ్వాల్సినవి ఇవ్వడానికి ఇంటి లెక్క కావాల్సిందే. కానీ లబ్ధితో ముడిపడి ఉందని జనం అనుకునే ఏ సర్వేలోనైనా, "నేను ఇక్కడ ఉండను" అని ఎవరూ చెప్పరు. మీరు రేపు ఏ సర్వే చేసినా ఈ ఒక్క సంగతి ముందు గుర్తుంచుకోవాలి. 2024 నవంబరులో మొదలైన కులసర్వే కోటీ 12 లక్షల ఇళ్ళ దాకా వెళ్ళింది. అంత పెద్ద పని చేయగల యంత్రాంగం మనకుంది, సందేహం లేదు. అయితే ఎన్ని ప్రశ్నలు చేర్చినా, ఒక్కసారి తలుపు తట్టి వెళ్ళే సర్వేకు కదలిక అందదు. నవంబరులో ఇంట్లో ఉన్న మనిషి ఫిబ్రవరిలో ఏ ఊళ్ళో ఉంటాడో దానికి తెలియదు.

జనాభా లెక్కలు ఉన్నాయి కదా అంటారు. 2011 లెక్కల ప్రకారం దేశంలో 45 కోట్లకు పైగా వలసదారులున్నారు. వాళ్ళలో పెద్ద భాగం పెళ్ళయి అత్తగారింటికి వచ్చిన ఆడవాళ్ళు. అప్పటికి తెలంగాణ రాష్ట్రం లేదు గనుక, భివండీలో మగ్గం మీద ఉన్న పరకాల మనిషి ఆ పట్టికల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాడు. గుంటూరు నుంచి హైదరాబాద్ వచ్చినవాడేమో సొంత రాష్ట్రంలో ఊరు మారినవాడు. రాష్ట్రం వచ్చి ఇన్నేళ్ళయినా తెలంగాణ పేరు మీద జనాభా లెక్కల వలస పట్టిక ఒక్కటీ లేదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ సంగతి ఇంకా కష్టం. లెక్కలు తీసే రోజుల్లో దేశంలో లేనివాళ్ళను అసలు లెక్కలోకే తీసుకోరు. నిజామాబాద్ పాత జిల్లాలో 2011లో వెయ్యి మంది మగవాళ్ళకు 1040 మంది ఆడవాళ్ళున్నారు. రాష్ట్రం మొత్తానికి అది 988. ఈ తేడాకంతటికీ వలస ఒక్కటే కారణం అనలేం గానీ, పోయిన మగవాళ్ళ జాడ ఆ అంకెలో ఉంది. జాడ ఉందని తెలుసుకోవడంతోనే మన దగ్గరున్న సమాచారం అయిపోతుంది.

నమూనా సర్వేలు కొంత నయం. 2020-21 నాటి పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం ఉపాధి మీద చేసే నమూనా సర్వే) దేశ జనాభాలో 28.9 శాతం వలసదారులని తేల్చింది. మగవాళ్ళలో అది 10.7 శాతమే. ఒక చోట ఆరు నెలలు ఉంటే, ఉండాలనుకుంటే, అది మామూలు నివాసం అన్నది ఈ సర్వేల పద్ధతి. మూడు నెలలు మిర్చి ఏరడానికి వచ్చి పోయేవాళ్ళను పట్టుకోవాలంటే 2007-08 నాటి జాతీయ నమూనా సర్వే 64వ రౌండులో చేసినట్టు వాళ్ళ కోసం విడిగా ప్రశ్న వేయాలి. పైగా జాతీయ సర్వే నమూనాను జిల్లాకు కుదిస్తే మిగిలే ఇళ్ళు చాలా కొద్ది. వాటిని చూపించి ములుగు గురించో నిర్మల్ గురించో గట్టిగా ఏమీ చెప్పలేం.

ఇక్కడ తాళాల సంగతి చెప్పాలి. ఎంపికైన ఇంటికి తాళం వేసి ఉంటే, సర్వే చేసేవాళ్ళు మళ్ళీ వచ్చి చూసి, అప్పటికీ మనుషులు దొరక్కపోతే ఆ ఇంటి బదులు ఇంకో ఇల్లు తీసుకుంటారు. కుటుంబం కుటుంబమంతా వలసపోతే లెక్కలోంచి మాయమయ్యేది ఇట్లానే. పరకాల వైపు ఒక ఊళ్ళో నేత కుటుంబాల వీధిలో అలాంటి ఇంటి ముందు నిలబడ్డాను. గొళ్ళేనికి వేసిన తాళం తుప్పు పట్టింది. పంచాయతీ ఇంటిపన్ను కాగితం మడిచి తలుపు సందులో దోపి ఉంది, దాని మీద వాన నీళ్ళ మరక. పక్కింటి అవ్వను అడిగితే ఆ ఇంట్లో ఎవరెవరున్నారో, పెద్దాయన సూరత్‌లో ఏ పని చేస్తున్నాడో, చిన్నబిడ్డకు అక్కడే ఎవరింటి సంబంధం కుదిరిందో పూస గుచ్చినట్టు చెప్పింది. "దసరాకొస్తరు బిడ్డా, సున్నం ఏస్కోని మల్ల పోతరు" అంది. ప్రభుత్వ సర్వేకు దొరకని సమాచారం అంతా ఆ గోడకు ఇవతలి పక్క ఉంది. అడిగే పద్ధతి లేక పోగొట్టుకుంటున్నాం.

లెక్క లేకపోతే నష్టమేంటి అని మీ కార్యాలయంలో ఎవరైనా అడగొచ్చు. మీరు ఏటా వేసే సామాజిక ఆర్థిక నివేదికతోనే జవాబు చెబుతాను. 2024-25లో రాష్ట్ర తలసరి ఆదాయం 3,79,751 రూపాయలని వేశారు. జిల్లాల వారీ పట్టికలో రంగారెడ్డి అందరికంటే పైన ఉంటుంది. మన ఉత్తర జిల్లాలు దానికి చాలా దూరంలో ఉంటాయి. ఆ తలసరి అంకె ఒక భాగహారం. పైన జిల్లాలో తయారైన సరుకుల, సేవల విలువ. కింద జనాభా. దుబాయ్ నుంచి, సౌదీ నుంచి ఇంటికొచ్చే డబ్బు జిల్లాలో ఉత్పత్తి కాదు, బదిలీ. కాబట్టి అది పై అంకెలోకి రాదు. కింది అంకె 2011 జనాభాను పెంచుకుంటూ వచ్చిన అంచనా. ఈ మధ్యలో ఊరు విడిచినవాళ్ళెందరో, కొత్తగా వచ్చిచేరినవాళ్ళెందరో దానికి తెలిసే దారి లేదు. రెండు వైపులా వలసను వదిలేసిన అంకెతో జగిత్యాల, రంగారెడ్డి మధ్య అసమానత ఇంత అని మనం చెప్పుకుంటున్నాం. అసలు తేడా దీనికంటే ఎక్కువా తక్కువా అన్నది కూడా ఈ అంకెతో తేలదు. నిధుల పంపకం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అందరం ఇదే పట్టిక తీస్తాం.

సగటు లోపల ఇంకో అసమానత ఉంది. 2023-24లో దేశానికి విదేశాల నుంచి వచ్చిన సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతమని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత మనమే. సంతోషించాల్సిన విషయమే. కానీ అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పంపిన డాలర్లు, షార్జాలో సెంట్రింగ్ పని చేసే మనిషి పంపిన దిర్హామ్‌లు ఆ ఒక్క అంకెలో కలిసిపోయాయి. ఇద్దరూ శంషాబాద్ నుంచే విమానం ఎక్కారు. ఒకరికి బ్యాంకు విద్యారుణం ఏడాదికి పది, పదకొండు శాతం వడ్డీకి దొరికింది. రెండో మనిషికి నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి, అంటే ఏడాదికి 36 శాతం. పేదవాడికి దేశం దాటడమే ఖరీదు. లక్షన్నర అప్పు మీద నెలకు 4,500 రూపాయల మిత్తి అవుతుంది. వెయ్యి దిర్హామ్‌ల జీతగాడికి, దిర్హామ్ 23 రూపాయల చొప్పున చూస్తే, అది దాదాపు రెండు వందల దిర్హామ్‌లు. జీతంలో అయిదో వంతు అసలు ముట్టకుండానే పోతుంది. తిండి ఖర్చు తీసేసి ఇంటికి పంపితే, మొదటి ఏడాది రెండేళ్ళు అప్పిచ్చినవాడి కోసం పనిచేసినట్టే. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన ఫీజు, జీఎస్టీ కాకుండా, 30 వేలు మించకూడదని నిబంధన ఉంది. ఊళ్ళో ఎవరినైనా అడగండి, 30 వేలకు దుబాయ్ పోయినవాడు నాకు తెలుసు అనేవాళ్ళు దొరకడం కష్టం. ఎవరెంత కట్టారన్నది మండలాల వారీగా అచ్చులో కనపడితే, ఏజెంటు ముందు కూచున్న తండ్రికి బేరమాడే దమ్ము వస్తుంది. నా దృష్టిలో ఈ సర్వేకు ఈ ఒక్క ప్రయోజనం చాలు.

కేంద్రం దగ్గర విదేశాలకు పనికి పోయేవాళ్ళను నమోదు చేసే ఈ-మైగ్రేట్ ఉంది కదా అంటే, అందులోకి వచ్చేది ముఖ్యంగా ఈసీఆర్ (పోయే ముందు ప్రభుత్వ అనుమతి కావాలన్న) ముద్ర ఉన్న పాస్‌పోర్టు మీద పద్దెనిమిది దేశాలకు పనికి పోయేవాళ్ళు. పదో తరగతి పాసైతే ఆ ముద్ర ఉండదు. అతను పోయేది కూలి పనికే అయినా ఆ లెక్కకు బయటే ఉంటాడు. విజిట్ వీసా మీద పోయి అక్కడే పని చూసుకున్నవాడు రాడు. కంపెనీ వదిలేసి ఖల్లివెల్లి అయినవాడు, అంటే సరైన కాగితాలు లేకుండా అక్కడే ఉండిపోయినవాడు, ఎవరి లెక్కలోనూ ఉండడు, ఉండాలనీ అనుకోడు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ మన ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత వచ్చిన మంచి నిర్ణయం అది. కానీ చాలామంది విషయంలో గల్ఫ్ కార్మికుడి పేరు రాష్ట్ర ప్రభుత్వ కాగితం మీదికి మొదటిసారి ఎక్కేది ఆ దరఖాస్తులోనే. బతికుండగా ఎక్కాలని అడుగుతున్నాను.

సమాచారం ఉంటే ఏం తెలుస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. యజమాని అనుమతి లేకుండా పని మారకూడదన్న కఫాలా పద్ధతి గురించి మన ఊళ్ళలో ప్రతి గల్ఫ్ ఇంటికీ తెలుసు. 2011లో యూఏఈ దాన్ని కొంత సడలించింది. ఒప్పందం గడువు ముగిసిన కార్మికుడు పాత యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండానే వేరే కంపెనీకి మారొచ్చంది. సురేశ్ నాయుడు, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి జీతాల రికార్డులు తీసి చూశారు. గడువు ముగిసినవాళ్ళ సంపాదన పది శాతానికి పైగా పెరిగింది. పని అదే, మనిషి అదే, నైపుణ్యం అదే. మారిందల్లా ఇంకో చోటికి పోగలిగే స్వేచ్ఛ. దీనికి రెండో వైపూ ఉందని అదే అధ్యయనం చెప్పింది. కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం తగ్గించాయి. 2016లో అచ్చయిన ఆ పరిశోధన కార్మికుడికి తక్కువ జీతం ఎందుకొస్తుందన్న దాని మీద నా ఆలోచనను చాలా మార్చింది. పనిమంతుడు కాకపోవడం వల్ల జీతం తక్కువ అని సులువుగా అనేస్తాం. పోవడానికి ఇంకో దారి లేనివాడికి ఎంత పనితనం ఉన్నా యజమాని చెప్పిందే రేటు. ఈ మాట షార్జాకు వర్తించినట్టే పెద్దపల్లికీ వర్తిస్తుంది.

ఎందుకంటే మన దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. దానాపూర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేటలో ఆగినప్పుడు జనరల్ బోగీల నుంచి దిగేవాళ్ళను చూడండి. రైసు మిల్లుల్లో బస్తాలు మోసేది చాలావరకు బీహార్ హమాలీలే. పెద్దపల్లి, కరీంనగర్ ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి, ముఖ్యంగా బలాంగీర్, నువాపాడా వైపు నుంచి, అడ్వాన్స్ తీసుకుని ఇంటిల్లిపాదీ వచ్చి పనిచేస్తారు. ములుగు, భూపాలపల్లి మిర్చి తోటలకు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వస్తారు. నాట్ల కాలంలో బెంగాల్, బీహార్ ముఠాలు ఎకరానికి ఇంత అని గుత్త మాట్లాడుకుని పొలాల్లోకి దిగుతున్నాయి. నాటు వేయడం మన దగ్గర ఆడవాళ్ళ కైకిలి, అంటే కూలి పని. ఆ ముఠాల్లో ఉండేది ఎక్కువగా మగవాళ్ళు. మరి మన ఆడవాళ్ళకు పనిదినాలు తగ్గాయా, లేక కూలీలు దొరకని చోటికే ఈ ముఠాలు వస్తున్నాయా? రైతును అడిగితే ఒకటి చెబుతాడు, కైకిలి పోయే ఆమెను అడిగితే ఇంకొకటి చెబుతుంది. ఇద్దరూ అబద్ధం చెప్పరు. ఇద్దరివీ కలిపి చూసే లెక్క మన దగ్గర లేదు.

"బయటోళ్ళు వచ్చి మన కూలి పడగొడుతున్నరు" అన్న మాట వరంగల్ ఏనుమాముల మార్కెట్లోనూ వింటాం, అడ్డాల మీదా వింటాం. దాన్ని కొట్టిపారేయకూడదు, అట్లాగే నమ్మేయకూడదు. 1980లో క్యూబా నుంచి లక్షా పాతిక వేల మంది పడవల్లో ఒక్కసారిగా అమెరికాకు వచ్చారు. చాలామంది మయామీలో దిగి అక్కడే ఉండిపోవడంతో ఆ ఊరి కార్మికుల సంఖ్య ఏడు శాతం పెరిగింది. అక్కడ అప్పటికే ఉన్న కార్మికుల కూలి మీద దాని ప్రభావం దాదాపు లేదని 1990లో డేవిడ్ కార్డ్ చూపించారు. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ ఫలితం మీద ఆర్థికవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాదించుకోగలుగుతున్నారంటే వాళ్ళ చేతిలో ఊరివారీ కూలి లెక్కలున్నాయి. మనకు అలాంటి పరీక్ష 2020లో వచ్చింది. లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను ఇళ్ళకు చేర్చే శ్రామిక్ రైళ్ళలో దేశంలో మొదటిది మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వారం తిరిగేసరికి, యాసంగి వడ్లు మిల్లుల ముందు పేరుకుపోతుంటే, బీహార్‌లోని ఖగడియా నుంచి హమాలీలను ఎక్కించుకుని ఒక రైలు అదే లింగంపల్లికి వచ్చింది. వాళ్ళు లేకపోతే బస్తా దిగదని రాష్ట్రమే ఒప్పుకున్నట్టయింది. అయితే మిల్లు షెడ్డులోనే ఉంటూ, రాత్రి లారీ వచ్చినా లేచి దించే మనిషికీ, సాయంత్రం ఇంటికి పోయే స్థానిక హమాలీకీ బస్తా రేటు ఒక్కటేనా? ఆ కొన్ని వారాల్లో స్థానికుల రేటు పెరిగిందా? అప్పుడు ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పుడు అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే, మన ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికొచ్చిన పన్నెండేళ్ళ బస్తర్ పాప, లాక్‌డౌన్‌లో బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన మూడు రోజులు నడిచి, ఊరు దగ్గర పడ్డాక చనిపోయింది. చనిపోయాకే ఆ పాప సంగతి దేశానికి తెలిసింది. మన తోటల్లో అలాంటి పిల్లలు ఏటా ఎందరు వస్తున్నారు? ఎవరి వెంట వస్తున్నారు? ఆ రెండు నెలలు వాళ్ళ బడి ఏమవుతోంది? ఇవి పోలీసులు అడగాల్సిన ప్రశ్నలని కొందరంటారు. ముందు లెక్కగట్టేవాళ్ళు అడగాలని నేనంటాను. పోలీసును చూస్తే పిల్లలను చేలోనే దాస్తారు.

చట్టం కూడా ఇప్పుడు మీ వైపే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కలిసిపోయింది. పాత చట్టం ఐదుగురు వలస కార్మికులున్న చోటికి వర్తించేది. కొత్త కోడ్ పదిమంది ఉన్న చోటికే వర్తిస్తుంది. చిన్న మిల్లులు, చిన్న బట్టీలు దీనితో జారిపోతాయన్నది నా భయం. కాంట్రాక్టర్ ద్వారా కాకుండా తనంతట తాను వచ్చినవాడిని కూడా వలస కార్మికుడిగా గుర్తించడం మాత్రం మంచి మార్పు. వలస కార్మికుల సమాచారం ప్రభుత్వాలు నిర్వహించాలని కూడా అందులో ఉంది. 2021లో మొదలైన ఈ-శ్రమ్‌లో (అసంఘటిత కార్మికుల కేంద్ర నమోదు పోర్టల్‌లో) నమోదైన చిరునామాలను చూపించి ఆ బాధ్యత తీరిందనుకోవద్దు. నమోదైన నాటి చిరునామా అది. మనిషి ఆ తర్వాత ఎన్ని చోట్లకు మారాడో ఎవరూ తిరిగి అడగలేదు.

గీసుగొండ, సంగెం మండలాల్లో పెట్టిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు గురించి రాయకుండా ఉండలేను. 1934లో మొదలైన ఆజంజాహి బట్టల మిల్లు మూతపడ్డ ఊరు మా వరంగల్. ఆ మిల్లు పోయాక, కొత్తవాడ మగ్గాలు తగ్గాక, మా నేత కుటుంబాలు సూరత్, భివండీ, షోలాపూర్ దారి పట్టాయి. 2017 అక్టోబరులో పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, పోయినవాళ్ళంతా తిరిగొస్తారని చెప్పారు. నాకూ అదే కోరిక. కానీ రమ్మని పిలవడానికి ఎవరు ఎక్కడున్నారో జాబితా ఉందా? ఇరవై ఏళ్ళు సూరత్‌లో పవర్‌లూమ్ మీద పనిచేసి మాస్టర్ అయిన మనిషికీ, పార్కులో వచ్చే కుట్టు పని ఉద్యోగానికీ పొంతన కుదురుతుందా? అతని పిల్లలు గుజరాతీ మీడియంలో చదువుతుంటే నడిమధ్యలో తెస్తాడా? ఎంత జీతమిస్తే వస్తాడు? పన్నెండు వందల ఎకరాలు సేకరించే ముందు అడగాల్సిన ప్రశ్నలివి. ఇప్పుడైనా అడగొచ్చు. సూరత్, భివండీ ఇళ్ళలో కూచుని అడగాలి.

ఇక సర్వే ఎట్లా చేయాలన్నది. కేరళలో తిరువనంతపురం సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ 1998లో పదివేల ఇళ్ళతో మొదలుపెట్టింది. అప్పుడు 13.6 లక్షల మంది విదేశాల్లో ఉన్నారని తేలింది. 2013లో 24 లక్షలు, 2018లో 21 లక్షలు, 2023లో 22 లక్షలు. ఈ వరస చేతిలో ఉండబట్టే వలస ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గింది, తిరిగొచ్చినవాళ్ళకు ఏం చేయాలి అన్న చర్చ అక్కడ అంకెల మీద జరుగుతుంది. 2023లో వచ్చిన సొమ్ము 2 లక్షల 16 వేల కోట్లు దాటిందని కూడా వాళ్ళు చెప్పగలరు. మనం కేరళను అచ్చంగా దించుకోవద్దు. వాళ్ళ సర్వే ముఖ్యంగా దేశం దాటినవాళ్ళ కోసం మొదలైంది. మన ఉత్తర జిల్లాల్లో ఒకే మండలంలో దుబాయ్ పోయిన ఇల్లు, సూరత్ పోయిన ఇల్లు, బీహార్ నుంచి వచ్చిన హమాలీ, సింగరేణిలో కాంట్రాక్టు పని కోసం పక్క మండలానికి మారిన కుర్రాడు అందరూ ఉంటారు. అందరినీ ఒకే సర్వేలో చూడాలి. ఐదేళ్ళకోసారి అన్నది మనకు చాలదు. అవే ఇళ్ళకు ఏటేటా తిరిగి వెళ్ళాలి. అప్పుడే పోయినవాడు బాగుపడ్డాడా, లేక బాగున్నవాడే పోయాడా అన్నది విడదీయగలం. వలసల పరిశోధనలో అన్నిటికంటే చిక్కు ప్రశ్న అదే. ఒక్కసారి తీసే లెక్కతో దానికి జవాబు రాదు.

తాళం వేసిన ఇంటిని వదిలి పక్క ఇంటికి పోకూడదు. పక్కింటివాళ్ళను అడిగి ఫోన్ నంబరు తీసుకుని, ఆ కుటుంబం ఎక్కడుంటే అక్కడికి చేరాలి. పోయినవాళ్ళ కోసం దసరాకు వెళ్ళాలి, ఊళ్ళో దొరికేది అప్పుడే. వచ్చినవాళ్ళ కోసం వడ్ల కొనుగోళ్ళప్పుడు మిల్లులకు, మిర్చి ఏరేటప్పుడు తోటలకు, ఎండాకాలంలో బట్టీలకు వెళ్ళాలి. ఇంటి పెద్ద అని రాసే చోట గల్ఫ్‌లో ఉన్న భర్త పేరు రాసి ఊరుకోవద్దు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఇంట్లో కూచుని బీడీలు చుడుతూ, మిత్తి కడుతూ, పిల్లల ఫీజులు చూస్తూ ఇల్లు నడిపేది ఆమె. ఆమెతో విడిగా, అత్తమామలు పక్కన లేకుండా మాట్లాడాలి. ఆయన ఎంత పంపుతున్నాడో, అందులో ఆమె చేతికి ఎంత వస్తుందో రెండూ అడగాలి.

అన్నిటికంటే ముఖ్యం నమ్మకం. ఈ సర్వే వల్ల ఏ పథకమూ రాదు, ఏ పథకమూ పోదు అని మొదటి మాటగా చెప్పాలి, ఆ మాట మీద నిలబడాలి. ఆధార్ అడగవద్దు. పేర్లు, ఫోన్ నంబర్లు విశ్వవిద్యాలయం దగ్గరే ఉండాలి, పోలీసులకు గానీ రెవెన్యూకు గానీ అందకూడదు. ఖల్లివెల్లిగా ఉన్న మనిషి ఇంటివాళ్ళు నిజం చెప్పాలన్నా, అడ్వాన్స్ కింద నలుగుతున్న బట్టీ కూలీ నోరు విప్పాలన్నా ఇది తప్ప మార్గం లేదు. పేర్లు తీసేసిన సమాచారాన్ని మాత్రం అందరికీ తెరిచి పెట్టాలి. మీ కార్యాలయంలో ఫైలుగా ఉండిపోతే ఇంత శ్రమా వృథా. ఏ మండలం నుంచి ఏ దేశానికి పోవడానికి ఎంత ఖర్చవుతోంది, అక్కడ చేతికి ఎంత వస్తోంది అన్న రెండు అంకెలు తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి.

మనుషుల కొరత లేదు. మా విశ్వవిద్యాలయాల్లో ఎంఏ ఎకనామిక్స్ చదివి నోటిఫికేషన్ల కోసం టెన్షన్‌తో ఎదురుచూస్తున్న పిల్లలు ఎంతోమంది ఉన్నారు. చాలామంది ఇళ్ళలో గల్ఫ్ పోయిన అన్నో, భివండీలో బాబాయో ఉన్నారు. ఎవరిని ఏం అడగాలో, ఏ మాట అంటే ఎదుటివాళ్ళు మూసుకుపోతారో వాళ్ళకు ఒకరు నేర్పక్కర్లేదు. పని దొరికిందన్న తృప్తితో పాటు శాస్త్రం నేర్చుకుంటారు.

జనాభా లెక్కలు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోతున్నాయి. వాటికి ముందే వచ్చే దసరాకు పరకాల, కోరుట్ల ప్రాంతాల్లో కొన్ని ఊళ్ళలో, ఆ తర్వాత కొనుగోళ్ళ సీజన్‌లో వరంగల్ చుట్టుపక్కల మిల్లుల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టవచ్చు. తెలుగు, హిందీ, ఒడియా ప్రశ్నాపత్రాల ముసాయిదా నేను, నాతో పనిచేసే పరిశోధక మిత్రులు సిద్ధం చేసి మీకు పంపుతాం. దాని మీద మీ గణాంక అధికారులు గీతలు కొట్టి తిప్పి పంపితే సరిచేస్తాం. మీ వైపు నుంచి ముందుగా కావాల్సింది ఒక అనుమతి పత్రం. అది చేతిలో లేకుండా మిల్లు గేటు దగ్గర మమ్మల్ని లోపలికి రానివ్వరు, రానిచ్చినా హమాలీలతో యజమాని లేకుండా మాట్లాడనివ్వరు. ఆ పత్రంలో "యాజమాన్యం సమక్షంలో కాకుండా" అన్న మాట తప్పకుండా ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక ఆర్థికశాస్త్ర పరిశోధకుడు,
హనుమకొండ